సూన్

ముషీరాబాద్‌ల మటన్ దుకాణం ఎనుక
మూడర్రల ఇల్లు మాది.
మూడర్రలకు నాలుగు భాషలు.

గల్లా కాడ ఉర్దూ:
"హడ్డీ జర కమ్ డాలో భాయ్."
ఉద్దెర బుక్కుల తెలుగు,
మా మామ చేతిరాత, ఒక్క కొమ్ము సక్కగుండదు.
పిల్లల బడిసంచుల్ల ఇంగ్లీషు.
నాలుగోది వంటింట్ల,
కుండ మీద మూత పెట్టినట్టు గొంతు తగ్గించి,
నేను గడప తొక్కంగనే తెగిపోయేది.
ఆరె మాట.
లిపి లేదు. రాసుకునే పని పడలేదంటరు.

నేను భువనగిరి సాలోళ్ల బిడ్డను.
సురేందర్‌ను రిజిస్టర్ ఆఫీసుల చేసుకున్న.
మా అత్త అంబాబాయి ఏడాది పొడుగూత
"బువ్వ తిన్నవా" అని నాతోటి తెలుగుల అడిగేది,
నేను ఎట్ల తిన్ననో
ఆడిబిడ్డతోటి ఆరెల చెప్పేది.

మాటిమాటికి ఒక ముక్క ఇనపడేది, సూన్, సూన్.
సున్న అంటున్నరనుకున్న.
కులం కలవదు, కూర కలవదు,
సున్ననే కద మరి అని
గిన్నెలు జర గట్టిగ తోమిన.
సూన్ అంటే కోడలని
శానా రోజులకు తెలిసింది.

ఒకపారి "మీట్ దే" అన్నది.
మీట్ అంటే మాంసమే అనుకొని
దుకాణంలకు ఉరికి పావుకిలో కొట్టిచ్చి తెచ్చిన.
ఉప్పు అడిగిందట.
ఆ పొద్దు మొదటిసారి
ముగ్గురం ఒక్కటే భాషల నవ్వినం.

కుక్కర్ కూతలు ఆమె ఆరెల లెక్కపెట్టేది, ఏక్, దోన్, తీన్.
నేను తెలుగుల.
పప్పు మాత్రం ఒక్కతీరుగనే ఉడికేది.

మగ్గం చప్పుట్ల పుట్టినోళ్లకు
చప్పుడు కింది మాటను ఏరుకునుడు వస్తది.
ఏరుకున్న.
పాణీ. భాకర్. ఇక్‌డే యే.
ఎవ్వరికి చెప్పలె.
దొంగసొమ్ము లెక్క నాలుక కింద దాసుకున్న.

మా అమ్మ పోయినప్పుడు
దినాలు చేసి, ఆఖరు బస్సుకొచ్చి
బియ్యం డ్రమ్ము పక్కన కూసున్న.
అత్త లైటెయ్యలె.
నెత్తి మీద చెయ్యి పెట్టి
"రడూ నకో" అన్నది.
ఏడువకు అని తెలుగుల అనొచ్చు, తెలుగొచ్చు ఆమెకు.
"రడత్ నై" అన్న నేను.
చెయ్యి అట్లనే ఆగింది.
ఎప్పటిసంది, అని అడగలె.
తెల్లారి నుంచి నా గురించి
నా ముంగటనే అనుడు షురూ చేసింది.

అత్త పోయి ఇది తొమ్మిదో ఏడు.
ఆడిబిడ్డ సూరత్‌ల గుజరాతీల పడ్డది.
సురేందర్‌కు సమజైతది, జవాబు తెలుగుల ఇస్తడు.
పిల్లలకు మూడే ముక్కలొచ్చు, మూడూ తిట్లే.

మొన్న సంఘపోళ్లు ఫారాలు పట్టుకొచ్చిండ్రు,
ఇంట్ల మాట్లాడే భాష ఏందని.
"ఆరె" అన్నడు మా ఆయన, ఛాతీ జర పొంగిచ్చి.
"ఏదీ, నాలుగు ముక్కలు చెప్పు"
పెద్దమనిషి నవ్వులాటకే అన్నడు.
ఈయన దగ్గిండు. నీళ్లడిగిండు.
నేను నీళ్లిచ్చి, వాళ్లను కూసోమని,
చాయ్‌ల చక్కెర ఎంతెయ్యాల్నని,
ఈ వానకు మీ రేకులు గూడ కారుతున్నయా అని,
మీ అమ్మ మోకాళ్లు ఎట్లున్నయని
అంత ఆరెలనే అడిగిన.

పెద్దమనిషి పెన్ను ఆపిండు.
"ఏ ఊరి మనోళ్ల బిడ్డవమ్మ?" అన్నడు, తెలుగుల.
"భువనగిరి. సాలోళ్లం."
నన్ను ఏ గడిల రాయాల్నో తోచలె ఆయనకు.
అంచు మీద పెన్సిలుతోటి
"ఒకరు" అని రాసుకున్నడు.

వాళ్లు పోయినంక గ్లాసులు కడిగిన.
కూర నాలిక మీదేసుకుంటే ఉప్పు సాలలె.
"మీట్ దే" అన్న, ఎవ్వర్ని అన్ననో.
మా చిన్నోడు ఫోన్ల నుంచి తల ఎత్తకుంటనే
ఫ్రిజ్ తలుపు తీసిండు.